కారులో ఫ్రిజ్ పెట్టించుకున్నాను: ఫ్రిజ్ కోసం కాదు, వైర్ల కోసం తిరిగాను

ఫ్రిజ్ ఏప్రిల్ 3న మా ఇంటికి వచ్చింది. కారు డిక్కీలో అది రాత్రంతా ఆగకుండా నడిచింది మాత్రం మే మూడో వారంలో. మధ్యలో ఏం జరిగిందో రాస్తున్నాను, ఎందుకంటే కొనేముందు నేను చూసిన వీడియోలన్నీ డబ్బా విప్పడంతో మొదలై చల్లటి కూల్‌డ్రింక్ బయటికి తీయడంతో అయిపోతాయి. అసలు పనంతా ఆ రెండింటి మధ్యే ఉంది.

మేం ఉండేది బెంగళూరులో, కె.ఆర్.పురం వైపు. వరసగా సెలవులొస్తే టెంటు కారులో పడేసుకుని పోవడం పెళ్ళికి ముందు నుంచీ అలవాటు. ఇన్నాళ్ళూ ఐస్ బాక్సుతోనే లాగించాం. ఐసు కరిగి పెరుగు ప్యాకెట్లు నీళ్ళలో తేలడం, కొత్తిమీర కుళ్ళిపోవడం, ప్రతి ఊళ్ళో చేపల కొట్టు కనిపిస్తే ఐసు ఉందా అని ఆగడం, అన్నిటికీ అలవాటు పడిపోయాం. ఈ ఏడాది మా అత్తయ్య మా దగ్గరికి వచ్చారు. ఆమెకు రోజూ ఇన్సులిన్ పడాలి. మా బామ్మర్దికి పులివెందుల దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉంది, ఎండాకాలం సెలవుల్లో అందరం అక్కడే టెంట్లు వేసుకుని ఉందామని ఎప్పటినుంచో అనుకుంటున్నాం. తోటలో మోటారు షెడ్డు తప్ప ఇంకేమీ లేదు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, వాడుతున్న ఇన్సులిన్ పెన్ను చాలా రకాల్లో నాలుగు వారాలదాకా బయట పెట్టుకోవచ్చు గానీ ఆ బయట అనేది 30 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో పులివెందులలో 30 డిగ్రీలంటే తెల్లవారుజామున కూడా గ్యారంటీ లేదు. డాక్టరు గారు ఇంకో ముక్క గట్టిగా చెప్పారు: ఇన్సులిన్ గడ్డకడితే అంతే, కరిగాక మామూలుగా కనిపించినా పారేయాల్సిందే.

అత్తయ్యకు ఇదంతా అతిగా అనిపించింది. "మా ఊళ్ళో కుండలో నీళ్ళు పోసి డబ్బీ అందులో పెట్టుకునేటోళ్ళు నాయనా, దీనికింత ఖర్చెందుకు?" అన్నారు. మా ఆవిడైతే ఇన్సులిన్ తమ్ముడి ఇంట్లో పెట్టి రోజూ తెప్పించుకుంటే సరిపోతుంది కదా అంది. సరిపోయేదే. కానీ ఫ్రిజ్ కొనడానికి ఇంతకంటే మంచి కారణం నాకు మళ్ళీ దొరకదు.

మార్చి మొదట్లో ఆఫీసులో ఒకతని దగ్గర చిన్న కార్ కూలర్ ఉంటే అడిగి తెచ్చాను. ఐదారు వేలకు దొరికే రకం, లోపల కంప్రెసర్ ఉండదు, పెల్టియర్ అనే పలక ఉంటుంది, కరెంటు పారితే దాని ఒకవైపు చల్లబడి రెండోవైపు వేడెక్కుతుంది. బరువు లేదు, రేటు తక్కువ, బాగానే ఉందనిపించింది. కారు ఎండలో నిలబెట్టి లోపల థర్మామీటరు వేసి చూస్తే మధ్యాహ్నానికి 23 చూపించింది. అది పాడై కాదు, దాని పద్ధతే అంత. చుట్టూ ఉన్న వేడి కంటే ఓ పదిహేను, ఇరవై డిగ్రీలు తగ్గించగలదు, అంతకుమించి దాని వల్ల కాదు. బయట 28 ఉంటే పనికొస్తుంది, ఎండలో నిలిపిన కారులో మాత్రం పేరుకే కూలరు. పైగా చల్లబడ్డాక ఆగి రెస్టు తీసుకోవడం అనేది దీనికి లేదు, పెట్టినంతసేపూ కరెంటు తాగుతూనే ఉంటుంది. గ్యాసుతో కూడా నడిచే అబ్సార్ప్షన్ రకం ఇంకోటి ఉంది, దానికి బండి సమతలంగా నిలబడాలి, మన రోడ్ల మీద, మన తోటల్లో ఆ ఆశ పెట్టుకోలేదు. ఇక మిగిలింది కంప్రెసర్ ఫ్రిజ్. ఇంట్లో ఫ్రిజ్ పనిచేసే పద్ధతే, కాకపోతే 12 వోల్టుల మీద నడుస్తుంది, బయట ఎంత మండుతున్నా మైనస్‌లోకి కూడా తీసుకెళ్తుంది.

ఇక్కడ ధరలు చూసి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. డొమెటిక్, ఏఆర్‌బీ లాంటి పేరున్నవి మన దగ్గరికి వచ్చేసరికి నా బడ్జెట్ దాటి ఎక్కడో ఉన్నాయి. చైనా తయారీవి, ఇక్కడ స్టిక్కరు వేసి అమ్మేవి పాతిక వేల నుంచి మొదలు. కంప్రెసర్ ఎవరిదో అడగమని అందరూ చెప్తారు, అడిగాను, డాన్‌ఫాస్ అని ఒకరు, ఎల్‌జీ అని ఒకరు, "మంచిదే సార్" అని ఇంకొకరు. డాన్‌ఫాస్ ఆ కంప్రెసర్ల వ్యాపారాన్ని 2010లోనే అమ్మేసింది, ఇప్పుడవి సెకాప్ పేరుతో వస్తాయి, కాబట్టి కొత్త ఫ్రిజ్‌లో డాన్‌ఫాస్ అని ఒట్టేసి చెప్పే అమ్మకందారుడి మిగతా మాటలు కూడా నేను లెక్కలోకి తీసుకోలేదు.

సైజు దగ్గర మాత్రం ఒక పని చేశాను, ఎవరైనా చేయండి. నచ్చిన మోడళ్ళ కొలతలకు అట్టపెట్టెలు కత్తిరించి టేపు వేసి డిక్కీలో పెట్టి చూశాను. 45 లీటర్లది పెడితే స్టవ్వు, సామాన్ల బుట్ట పట్టలేదు. 20 లీటర్లది ముద్దుగా ఉంది కానీ నీళ్ళ సీసా నిలబడదు. 35 లీటర్లది కుదిరింది, కానీ మూత పైకి తెరిస్తే వెనక సీటు వాలుకు తగిలేది, అందుకని పక్కకు తెరుచుకునే మోడల్ తీసుకున్నాను. గాలి వదిలే జాలీ ఎటువైపు ఉందో కూడా అప్పుడే చూసుకోవాలి, అటువైపు కనీసం బెత్తెడు ఖాళీ వదలాలి, లేకపోతే తన వేడి తనే పీల్చుకుంటూ కూర్చుంటుంది. ఇంకోటి, డిక్కీ అంచు ఎత్తు ప్లస్ ఫ్రిజ్ ఎత్తు కలిపితే అత్తయ్యకు లోపల అడుగున ఏముందో కనిపించదు. అందుకే ఆవిడ ఇన్సులిన్ డబ్బీకి పై బుట్ట అని మొదటే తేలిపోయింది.

ధర 28,500. మార్చి 18న ఆర్డరు పెడితే వారంలో వస్తుందన్నారు. రెండు వారాల పైనే పట్టింది. తీరా వచ్చినరోజు డెలివరీ అబ్బాయి పెట్టెను అడ్డంగా పడుకోబెట్టి లిఫ్టులో తెచ్చాడు, పెట్టె మీద నిటారు బాణాలు ఇంతింత ఉన్నాయి. ఎన్ని రోజులు అలా పడుకుని వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. కంప్రెసర్‌లో నూనె ఉంటుంది, పడుకోబెడితే అది గొట్టాల్లోకి పోతుంది, మళ్ళీ దిగేదాకా ఆన్ చేయకూడదు. కాబట్టి అంత ఎదురుచూసిన వస్తువు హాల్లో నిలబడి ఉంటే, ప్లగ్గు చేతిలో పట్టుకుని మర్నాటిదాకా ఆగాల్సి వచ్చింది. మా వాడు స్కూలు నుంచి వచ్చి "పని చెయ్యదా నాన్నా?" అని అడిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇంటి కరెంటు మీద పెట్టాం. గంట లోపే 4 చూపించింది, ఇంట్లో అందరూ చెయ్యి లోపల పెట్టి చూశారు. నాకు మాత్రం ఆ అంకె మీద నమ్మకం లేదు. నాలుగు వందలు పెట్టి తీగ ఉన్న థర్మామీటరు కొని, గ్లాసు నీళ్ళలో దాని కొస ముంచి, ఒక్కోచోట ఒక్కో పూట ఉంచి చూశాను. గాలి క్షణక్షణం మారుతుంది, నీళ్ళు నిలకడగా ఉంటాయి, అందుకే గ్లాసు. తేలింది ఇది: డిస్‌ప్లేలో 2 పెడితే అడుగున గోడకు ఆనుకుని మైనస్ 1, పై బుట్టలో 5. చల్లబరిచే గొట్టం గోడ లోపలే చుట్టి ఉంటుంది కదా, అక్కడ గడ్డకడుతుంది. 2 పెట్టుకుని డబ్బీని అడుగున గోడ పక్కన దాచి ఉంటే ఇన్సులిన్ పని అయిపోయేది. 5 పెడితే అడుగున 2 దాటింది, బుట్టలో 6, 7. అదే ఖాయం చేసుకుని, డబ్బీని పాత టవలు ముక్కలో చుట్టి బుట్టలో పెట్టాలని రాసి మూత లోపల అంటించాను. ఒకరోజు పొడుగునా కరెంటు మీటరు పెట్టి చూస్తే 0.38 యూనిట్ తిన్నది. ఈ ఒక్క అంకె తర్వాత చాలా అక్కరకొచ్చింది.

ఆ తర్వాత కారులో పెట్టాం. డిక్కీలో 12 వోల్టుల సాకెట్ ఉంది, ప్లగ్గు పెట్టాను, నడిచింది, సంతోషం. కారు ఆపాను, సాకెట్ కూడా ఆగింది. తాళం తీస్తే కరెంటు పోతుంది మా బండిలో. సరే అని తాళం ఒక మెట్టు తిప్పి ఉంచితే కాసేపటికి కీచుమంటూ ఈ1 అని ఎర్రర్. మాన్యువల్ తీస్తే వోల్టేజి తక్కువ అని. బానెట్ ఎత్తి బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 12.4, అంటే బ్యాటరీ శుభ్రంగానే ఉంది. ఫ్రిజ్ డిస్‌ప్లేలో మాత్రం కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో 11.2. కారు బ్యాటరీ అయిపోకముందే ఫ్రిజ్ తనే ఆగిపోయే బ్యాటరీ రక్షణ సెట్టింగు ఉంటుంది, మా దాంట్లో అది 'హై'లో ఉంటే 11.3 దగ్గర ఆగిపోతుంది, మళ్ళీ 12.4 దాటితే గానీ మొదలవదు. మధ్యలో ఆ వోల్టు పైచిలుకు ఎక్కడ పోయిందా అంటే, సాకెట్ దాకా వచ్చే సన్నటి వైరులోనూ, వదులుగా కూర్చునే ప్లగ్గులోనూ. సెల్‌ఫోన్ చార్జరుకు సరిపోయే వైరు అది. రక్షణను 'హై' నుంచి 'లో' (తక్కువ) సెట్టింగుకు మార్చుకోమని కొన్న చోట ఫోన్లో సలహా ఇచ్చారు. మారిస్తే ఫ్రిజ్ నడుస్తుంది, తెల్లారి కారు స్టార్ట్ కాదు. తోట మధ్యలో, పెద్దావిడతో. వద్దనుకున్నాను.

కారు సామాన్ల షాపులుండే జేసీ రోడ్డుకు వెళ్ళాను. ఒక షాపులో ఫ్యూజ్ బాక్స్ నుంచి లాగేస్తాం, అరగంట పని అన్నారు. ఇంకో షాపులో ఏ సైజు వైరు వేస్తారని అడిగితే "స్ట్రాంగ్ వైర్" అన్నారు. వచ్చేశాను. చివరికి మా వైపే మెయిన్ రోడ్డు పక్కన చిన్న షెడ్డులో ఆటో ఎలక్ట్రీషియన్ దొరికాడు, కదిరి అతను, మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది. ఫ్రిజ్ ఎంత లాగుతుంది, డిక్కీదాకా ఎన్ని మీటర్లు, రేపు ఇంకో బ్యాటరీ పెడతావా అని వరసగా అడిగాడు. నేను 6 ఎంఎం వైరు అని చదువుకుని వెళ్ళాను. "ఆరు ఎంఎం ఫ్రిజ్ వరకైతే చాలన్నా. రేపు బ్యాటరీ పెడితే మళ్ళా డోర్ల పట్టీలన్నీ పీకాల. ఇప్పుడే పది వేసుకో" అన్నాడు. తేడా ఏడెనిమిది వందలు. పది వేయించాను.

ఏప్రిల్ 19, ఆదివారం, పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే మధ్యాహ్నం మూడయింది. ఇంజను గదిలోంచి లోపలికి రావడానికి కొత్తగా రంధ్రం కొట్టకుండా ఉన్న రబ్బరు బుష్‌లోంచే వైరు దూర్చాడు, నూనె రాసి, సైకిలు పుల్లకు కట్టి. వైరుకు నల్లటి కాండ్యూట్ గొట్టం తొడిగి, తలుపుల కింద పట్టీలు ఊడదీసి వాటి కిందుగా డిక్కీదాకా తెచ్చాడు. బ్యాటరీ ప్లస్‌కు జానెడు లోపే 40 యాంపుల ఫ్యూజ్. ఫ్యూజ్ వైరును కాపాడడానికే తప్ప ఫ్రిజ్‌ను కాపాడడానికి కాదు, కాబట్టి అది డిక్కీ వైపు పెట్టి లాభం లేదు, మధ్యలో వైరు ఎక్కడైనా బాడీకి రాసుకుంటే మంటే. ఇది ఎవరితో చేయించుకున్నా చూసి తీరాల్సింది. ఇంకోటి నేను ఎక్కడా వినలేదు. నేను మైనస్ వైరును బ్యాటరీ మైనస్‌కే బిగిస్తాడనుకున్నాను. అతను ఆ టెర్మినల్ మీదున్న చిన్న నల్లటి డబ్బా చూపించాడు. బ్యాటరీలోంచి ఎంత పోతోంది, ఎంత వస్తోంది అని లెక్కపెట్టే సెన్సార్ అట అది. దాన్ని దాటించి నేరుగా బ్యాటరీకి బిగిస్తే ఫ్రిజ్ తాగింది కారు లెక్కలోకి రాదు, చార్జింగ్ లెక్క తప్పుతుంది. అందుకని మైనస్‌ను బాడీకి, పెయింటు గీకి, బిగించాడు. డిక్కీలో సిగరెట్ సాకెట్ బదులు బూడిద రంగు ఆండర్సన్ ప్లగ్గు, కుదుపుకు ఊడదు. వైరు 1,900, ఫ్యూజు, ప్లగ్గులు, కాండ్యూటు కలిపి 1,000, కూలి 2,500. ఫ్రిజ్ డిస్‌ప్లేలో ఇప్పుడు బ్యాటరీ దగ్గర చూపే అంకెకూ దీనికీ పాయింటు ఒకటి, రెండు తేడా, అంతే.

ఇక్కడితో ఆపేయవచ్చు. రోజూ బండి కదిలేవాళ్ళకు, ఒక్క రాత్రి ఆగేవాళ్ళకు ఇది చాలు. మేం ఒకేచోట రోజుల తరబడి ఉంటాం, బయట 40 డిగ్రీలు, స్టార్టింగ్ బ్యాటరీని రోజూ సగానికి దించితే అది త్వరగా చస్తుంది. అందుకని 50 యాంప్‌అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకున్నాను, 14,500. సుమారు 640 వాట్‌అవర్లు. ఇంట్లో రోజుకు 0.38 యూనిట్, అంటే 380 వాట్‌అవర్లు తిన్న ఫ్రిజ్ తోటలో రెట్టింపు తింటుందని లెక్క వేసుకున్నాను, మధ్యలో బండి గంట తిరిగితే గట్టెక్కుతాం. కానీ దీన్ని కారు ఆల్టర్నేటరుకు, అంటే ఇంజను నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసేదానికి, నేరుగా కలపలేం. ఈ బీఎస్6 బండ్లలో ఆల్టర్నేటరు డీజిలు ఆదా కోసం వోల్టేజిని తన ఇష్టం వచ్చినట్టు తగ్గిస్తుంది, పెంచుతుంది. మధ్యలో ఆ వోల్టేజిని సరిచేసి బ్యాటరీకి ఇచ్చే డీసీ టు డీసీ చార్జర్ అనే డబ్బా ఉండాలి. 20 యాంపులది, 11,000.

నన్ను ఏడిపించింది ఈ డబ్బానే. ఏప్రిల్ 20న ఆర్డరు, రెండు వారాలన్నారు. మే 4 దాటింది, స్టాకు రేవులో ఉందన్నారు. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి, మొదటినుంచీ చెప్పాలి. పెట్టెలో బ్యాటరీ, హాల్లో ఫ్రిజ్, దాని మీద మా వాడి స్కూలు బ్యాగు. ప్రయాణం టికెట్లు లేని ప్రయాణం కాబట్టి సరిపోయింది గానీ టెన్షన్ మాత్రం పెళ్ళి టెన్షనే. మే 14న వచ్చింది. ఆ శనివారం కదిరి అతనే బిగించాడు, ఇగ్నిషన్ ఆన్ అయితేనే చార్జర్ మేలుకునేలా ఫ్యూజ్ బాక్స్ నుంచి సన్నటి వైరు ఒకటి అదనంగా లాగి. ఈ స్మార్ట్ ఆల్టర్నేటరు బండ్లలో అది లేకపోతే వోల్టేజి పడినప్పుడల్లా బండి ఆగిందనుకుని చార్జర్ నిద్రపోతుంది. బ్యాటరీ ఎంత మిగిలిందో చూపే షంట్ మీటరు కూడా అప్పుడే పెట్టాడు, అది పాత స్టాకు, ఊరికే ఇచ్చాడు. లిథియం బ్యాటరీకి ఇది కావాలి, ఎందుకంటే దాని వోల్టేజి దాదాపు ఖాళీ అయ్యేదాకా 13 చుట్టూనే తిరుగుతుంది, అంకె చూసి ఏమీ తెలియదు.

ఆ రాత్రే అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో కారులో పెట్టి వదిలేసి పడుకున్నాను. రెండుసార్లు కిందికి వెళ్ళి చూశాను. సెక్యూరిటీ అతను మొదటిసారి పలకరించాడు, రెండోసారి పలకరించలేదు.

మే నెలాఖర్లో బయల్దేరాం. ముందు రాత్రి ఇంటి కరెంటు మీద ఫ్రిజ్‌ను చల్లబరిచి, పెట్టేవన్నీ ఇంటి ఫ్రిజ్‌లో ముందే చల్లబరిచి, ఖాళీల్లో నీళ్ళ సీసాలు దూర్చాం. గోరువెచ్చటి సామాను పెడితే బ్యాటరీ దారిలోనే అయిపోతుంది. రాట్చెట్ బెల్టులతో సీటు కొక్కేలకు కట్టేశాను, ముప్పై కిలోల డబ్బా సడన్ బ్రేకుకు ముందుకొస్తే మామూలుగా ఉండదు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, గోరంట్ల, కదిరి మీదుగా పులివెందుల. దిగేసరికి బ్యాటరీ నూటికి నూరు.

తోటలో మొదటి మధ్యాహ్నం బయట 41. చెట్టు నీడ అనుకున్నది ఒంటిగంటకల్లా పక్కకు జరిగిపోయింది, చీనీ చెట్లు ఎంత ఎత్తుంటాయి గనక. కారు లోపల చెయ్యి పెట్టలేం. కంప్రెసర్ ఆగడం మానేసింది. బామ్మర్ది వచ్చి చూసి, "బావా, ఇది ఫ్రిజ్ చల్లబరుస్తాందా, కారును వేడి చేస్తాందా?" అన్నాడు. రెండూ. అది బయటికి వదిలే వేడి మూసిన డిక్కీలోనే తిరుగుతోంది. డిక్కీ తలుపు ఎత్తి, పైన టార్పాలిన్ నీడ కట్టి, ఫ్రిజ్‌కు ఇన్సులేషన్ కవరు తొడిగి జాలీ దగ్గర తెరిచి ఉంచాక అరగంటకు కంప్రెసర్ ఆగి ఆగి నడవడం మొదలుపెట్టింది. సాయంత్రానికి బ్యాటరీ 60ల శాతంలోకి వచ్చింది. కూరగాయలకని బండి తీసి టౌనుకు పోయి తిరిగొచ్చేసరికి మళ్ళీ పైకి ఎక్కింది. ఆ రాత్రి పదింటికి 86, పొద్దున ఆరింటికి 61. అంటే రాత్రిపూట సగటున 20 వాట్లు. అసలు తిండంతా పగటి ఎండే.

శబ్దం గురించి ఎవరూ చెప్పరు. ఇంట్లో వినపడని శబ్దం తోట నిశ్శబ్దంలో టెంటుదాకా వస్తుంది, ఆగేటప్పుడు డబ్బా ఒకసారి ఒణుకుతుంది. టెంటు ఇంకొంచెం దూరం జరిపాం. లోపల అడుగున రోజూ గ్లాసుడు నీళ్ళు చేరతాయి, మూత తెరిచినప్పుడల్లా వచ్చే తేమ అది. పాత తువ్వాలు వేస్తే చాలు.

బుట్టలో థర్మామీటరు ఎండ పూట 8 అంచుకు వచ్చింది గానీ దాటలేదు, మిగతా వేళల్లో 6. అత్తయ్య రెండో రోజుకే ఫ్రిజ్‌ను సొంతం చేసుకున్నారు. తాటి ముంజలు, మజ్జిగ చెంబు, మల్లెపూల పొట్లం, అన్నీ బుట్టలోకే. మల్లెపూల వాసన పెరుగుకు పట్టింది. ఎవరూ ఏమీ అనలేదు.

లెక్క: ఫ్రిజ్ 28,500, వైరింగ్ 5,400, బ్యాటరీ 14,500, చార్జర్ 11,000, బెల్టులు, కవరు, థర్మామీటరు 2,600. మొత్తం 62,000. సగం పైన ఫ్రిజ్ చుట్టూ పెట్టిందే. మా ఆవిడ ఇంట్లో డబుల్ డోర్ ఫ్రిజ్ బిల్లు తీసి పక్కన పెట్టి చూపించింది, ఆ సంభాషణ ఇక్కడ అనవసరం.

మిగిలిన భయం కారు వారంటీ. జులైలో సర్వీసుకు ఇచ్చినప్పుడు నేనే ముందుగా బానెట్ ఎత్తి వైరు చూపించాను. అడ్వైజర్ మొహం చిట్లించి, ఫ్యూజ్, బాడీకి వేసిన ఎర్త్ ఫోటోలు తీసుకుని లోపలికెళ్ళి అడిగి వచ్చాడు. కారు వైరింగును ఎక్కడా కత్తిరించలేదు కాబట్టి ప్రస్తుతానికి ఇబ్బంది లేదట, ఎలక్ట్రికల్ సమస్య ఏదైనా వస్తే ముందు ఈ వైరు తీసేసి చూస్తారట. ఆ మాట జాబ్ కార్డులో రాయించుకుని ఫోటో తీసి పెట్టుకున్నాను.